అందరి ఇళ్లకూ పోయినదాన్ని

నేను ఆశా కార్యకర్తను. మాది దేవరకొండ వైపు ఊరు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషులను చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగాను. అందుకేనేమో, మా దగ్గర ఒళ్లు నొప్పులనూ నీరసాన్నీ ఎవరూ రోగం కింద లెక్కేయరు. నేనూ వేయలేదు.

నా పనిలో ఒక ఫారం ఉంటుంది. 30 ఏళ్లు దాటిన వాళ్లందరి ఇళ్లకూ పోయి నింపాలి. బీడీ, తంబాకు అలవాటుందా, మందు తాగుతారా, ఇంట్లో ఎవరికైనా షుగరో బీపీనో ఉందా అని అడగాలి. టేపు పెట్టి నడుము కొలవాలి. మార్కులు 4 దాటితే వాళ్లను ముందు పరీక్షకు పంపాలి. నోట్లో మానని పుండుందా, రొమ్ములో గడ్డ తగులుతోందా అని కూడా అడుగుతాం. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఈ మూడు క్యాన్సర్లకే ప్రభుత్వ స్క్రీనింగ్. పెద్దపేగు ఆ లెక్కలో లేదు.

మా వాడలో ఒక అవ్వ ఉంది. ఫారం పట్టుకుని పోయినప్పుడల్లా ఒకటే మాట. "చూస్తేనే రోగం ఉంటది బిడ్డా, చూడకుంటే ఏం లేదు." ఎన్నిసార్లు కోప్పడ్డానో. గట్లంటే ఎట్ల అవ్వా, ముందుగాల తెలిస్తే మంచిది కాదా అని పెద్ద పాఠమే చెప్పేదాన్ని.

రెండేళ్ల కిందట నాకు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. అప్పటికి 54 ఏళ్లు. సబ్ సెంటర్లో వేలు పొడిచి చూసుకుంటే హిమోగ్లోబిన్ 9. ఆడవాళ్లకు 12 ఉండాలని ఊరందరికీ చెప్పేదాన్ని నేనే. ఏముంది, రక్తం తక్కువ అంతే అనుకున్నాను. గర్భిణులకు పంచే ఐరన్ మాత్రలే నేనూ మొదలుపెట్టాను. నులిపురుగులేమోనని ఆల్బెండజోల్ కూడా మింగాను. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టర్ రెండు సెలైన్ సీసాలు ఎక్కించి "ఇక పరుగెత్తుతావ్" అన్నాడు. రెండు రోజులు నిజంగానే బాగున్నట్టు అనిపించింది.

మాత్రలు వేసుకున్నప్పటి నుంచి మలం నల్లగా వస్తోంది. ఐరన్‌కు అట్లే వస్తుంది, భయపడొద్దని వందల మందికి చెప్పాను కాబట్టి నాకూ అదే చెప్పుకున్నాను. అందులో ఇంకేమైనా కలిసి ఉంటుందేమోనన్న అనుమానమే రాలేదు.

ఆ రోజుల్లోనే ఇంగ్లండ్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. అక్కడ 50 నుంచి 74 ఏళ్ల మధ్య వాళ్లందరికీ రెండేళ్లకోసారి ఇంటికే పోస్టులో ఒక కిట్టు వస్తుందట. చిన్న సీసా, మూతకే ఒక పుల్ల. ఆ పుల్లను మలానికి గీసి, మళ్లీ సీసాలో పెట్టి మూత బిగించి తిరిగి పోస్టులో వేయాలి.

"పోస్టులోనా?" అన్నాను.

"పోస్టులోనే అక్కా. పైసా ఖర్చు లేదు."

మనోడు దాన్ని మూడు నెలలు సొరుగులో పడేశాడట. మా మరదలు రోజూ గొడవ పెడితే చివరికి పంపాడు. కంటికి కనిపించనంత రక్తం ఉందని తేలింది. కొలొనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న గొట్టాన్ని పెద్దపేగులోకి పంపి చూసే పరీక్ష చేసి, రెండు పాలిప్స్ తీసేశారు. అవి పేగు లోపలి పొర మీద పుట్టే పులిపిర్ల లాంటివి. అన్నీ కాదుగానీ కొన్ని ఏళ్ల తరబడి పెరిగి క్యాన్సర్‌గా మారతాయి. మారకముందే తీసేస్తే అక్కడితో సరి. "నాకు వచ్చినయంటే నువ్వు కూడా చూపించుకోవాలె అక్కా" అన్నాడు. సరే అన్నాను. పత్తి ఏరేది ఉంది, ఆ తర్వాత బతుకమ్మ, ఆ తర్వాత బిడ్డ కాన్పు. అయిన తర్వాత చూద్దాంలే అనుకున్నాను. అవ్వ మాట, నా మాట ఒకటే అయిందని అప్పుడు తోచలేదు.

పీహెచ్‌సీలో నెల మీటింగు రోజు కళ్లు తిరిగి కూర్చుండిపోయాను. డాక్టరమ్మ చిన్న వయసు అమ్మాయి, నా బిడ్డ ఈడుది. కనురెప్ప కిందికి లాగి చూసి, "మీకు నెలసరి ఆగి ఎన్నేళ్లయింది?" అని అడిగింది.

"ఐదేళ్లయింది మేడం."

"మరి రక్తం ఎటు పోతోంది?"

అంతే అడిగింది. నేను సమాధానం చెప్పలేకపోయాను. ఇన్నేళ్ల నుంచి రక్తం ఎంత ఉందో చూస్తున్నానుగానీ, ఎటు పోతోందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. తమ్ముడి సంగతి చెప్పాను. ఆమె చీటీ మీద మల పరీక్ష రాసి, "ఈ వారమే" అని కింద గీత గీసింది.

నల్లగొండలో ల్యాబుకు పోతే కౌంటర్లో మా ఊరి పిలగాడే. చిన్నప్పుడు వాడి నోట్లో పోలియో చుక్కలు వేసినదాన్ని. కొంగు కింద నల్ల కవర్లో డబ్బీ. బయట పావుగంట నిలబడ్డాను. వేరే ల్యాబు చూసుకుందామా అనుకుని గడియారం సెంటర్ దాకా నడిచి వెనక్కి వచ్చాను. వాడు తల ఎత్తకుండా డబ్బీ తీసుకుని, నంబరు రాసి, "రేపు రా అత్తా" అన్నాడు. నేను అంత సిగ్గుపడిన పని వాడికి రోజూ పొద్దున చేసే పని.

రక్తం ఉందని వచ్చింది. కొలొనోస్కోపీకి హైదరాబాద్ పోవాల్సి వచ్చింది. వారం ముందే ఐరన్ మాత్రలు ఆపమన్నారు, లోపల నల్లగా అంటుకుని ఉంటే సరిగా కనబడదట. ముందు రోజు ఎల్బీనగర్‌లో ఆడబిడ్డ ఇంట్లో దిగాం. ఇద్దరం పోతున్నాం, ఉత్త చేతులతో ఎట్లా అని మా ఆయన సంచెడు బత్తాయిలు మోసుకొచ్చాడు. నాకేమో గుజ్జున్న రసం కూడా వద్దన్నారు, కొబ్బరి నీళ్లలాంటి పలుచటివే తాగాలట. వాళ్లంతా నా ముందే బత్తాయిలు ఒలుచుకుని తిన్నారు.

ఇంక పరీక్షకు ముందు పేగు ఖాళీ కావడానికి ఇచ్చిన ఆ పొడి. నీళ్లలో కలిపి గ్లాసు తర్వాత గ్లాసు తాగాలి. ఉప్పగా, జిగటగా ఉంటుంది. ఇంట్లో ఆరుగురం, బాత్రూం ఒక్కటి. రాత్రంతా దాన్ని నాకే వదిలేశారు, ఆడబిడ్డ భర్త పాపం పక్కింటికి పోయొచ్చాడు. ఈ మొత్తం వ్యవహారంలో కష్టమంటే ఆ రాత్రే. పరీక్షలో ఏమీ తెలియలేదు. మత్తు సూది ఇచ్చారు, కళ్లు తెరిచేసరికి అయిపోయింది.

కుడివైపు పెద్దపేగులో గడ్డ. ముక్క తీసి పంపిస్తే క్యాన్సర్ అని వచ్చింది. మా ఆయన రిపోర్టు పట్టుకుని అక్షరాలు కూడబలుక్కుంటూ చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "చాయ్ తాగుదాం పా" అన్నాడు. చాయ్ ఇద్దరం తాగలేదు. గ్లాసుల్లోనే చల్లారిపోయింది.

సర్జన్ బొమ్మ గీసి చెప్పాడు. కుడివైపు పేగులో మలం ఇంకా నీళ్లలాగే ఉంటుంది, రక్తం అందులో కలిసిపోతుంది, అందుకే ఎర్రగా కనబడదు, నొప్పీ తొందరగా రాదు, మనిషి మెల్లగా పాలిపోతాడు అంతే. సీటీ స్కాన్‌లో లివర్, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయింది. అంతకుముందు పరీక్షలకు మాత్రం చేతి డబ్బులే పెట్టాం, అప్పటికి పత్తి డబ్బులు ఇంకా చేతికి రాలేదు.

చిన్న కోతలతోనే చేశారు. కుడివైపు పేగు తీసి, చిన్నపేగును మిగిలిన పెద్దపేగుకు కలిపారు. దాంతోపాటే అపెండిక్స్ కూడా పోయింది. ఏడో రోజు ఇంటికి పంపారు. పది రోజులకు బయాప్సీ రిపోర్టు వచ్చింది. గడ్డ పేగు గోడ కండరం దాకా పోయిందిగానీ దాటలేదు. చూసిన 19 లింఫ్ గ్రంథుల్లో ఒక్కదానికీ పాకలేదు. మొదటి దశ. కీమో అవసరం లేదన్నారు. ఆ మాట విన్నాక మా ఆయన ఆస్పత్రి వరండాలోనే ఏడ్చాడు. అంతవరకూ ఏడవలేదు.

ఇంటికొచ్చాక కొన్ని వారాలు మెత్తటి అన్నం, మజ్జిగ. జొన్నరొట్టె ముట్టుకోనియ్యలేదు. రెండు నెలలు విరేచనాలు పలుచగా అయ్యాయి, కొత్తలో ఇది మామూలేనన్నారు. చూడటానికి వచ్చిన వాళ్లలో సగం మంది నన్ను అప్పుడే సాగనంపినట్టు మాట్లాడారు. "మంచిదానివి, దేవుడు నీకే ఇచ్చిండు" అని ఒకామె నా చెయ్యి పట్టుకుంది. మంచితనానికీ పేగుకూ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఏడాదికి మళ్లీ కొలొనోస్కోపీ చేశారు, శుభ్రంగా ఉంది. మళ్లీ అదే పొడి, అదే బాత్రూం.

ఇప్పుడు ఫారం పట్టుకుని పోతే అందులో లేని రెండు ప్రశ్నలు నేనే కలుపుతాను. దొడ్డికి పోయినప్పుడు రక్తం పడుతుందా, మీ ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చిందా? మగవాళ్లు ముఖం తిప్పుకుంటారు, ఆడవాళ్లు నవ్వుతారు. రక్తం పడుతుందని ఒప్పుకున్నా అందరూ మొలలే అంటారు. కావచ్చు, కానీ డాక్టర్‌ను అననియ్యండి అంటాను.

మొన్న ఆ అవ్వకు హిమోగ్లోబిన్ చూస్తే 8. డాక్టరమ్మ నాకు రాసిన చీటీయే ఆమెకూ రాసింది. నేనేం పాఠం చెప్పలేదు. చీర కొంచెం పక్కకు జరిపి పొట్ట మీది గీత చూపించాను. ఏమీ అనకుండా కర్ర పట్టుకుని వెళ్లిపోయింది. తెల్లారి ఆరు గంటలకు వాకిట్లో చూస్తే అవ్వ. కొంగు కింద నల్ల కవరు.

"ఎవలకు చెప్పకు బిడ్డా" అంది. మొదటి బస్సు ఆరున్నరకు. చెప్పులేసుకున్నాను.