తేలియా చున్నీ, టీ మరక, మూడు నిమిషాల సీన్

సినిమాలో ఆ సీన్ మూడు నిమిషాలు కూడా ఉండదు. దాని వెనక నేను నాలుగు నెలలు తిరిగాను. ఇప్పుడు ఎవరు కలిసినా ఆ సీన్ గురించే అడుగుతున్నారు కాబట్టి, అది ఎలా తయారైందో మొదటి నుంచి రాస్తున్నాను.

కథ చిన్నది. సిద్దిపేట నుంచి వచ్చిన ఒక అమ్మాయి బంజారాహిల్స్‌లో ఒక ఫ్యాషన్ పత్రిక ఎడిటర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరుతుంది. బట్టల గురించి ఆమెకు ఏమీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. కామెడీ సినిమా. నేను కాస్ట్యూమ్ డిజైనర్ అక్క దగ్గర అసోసియేట్‌ని. కథ విన్న రోజే అందరి నోటా ఒకటే మాట: "ఇది 'ద డెవిల్ వేర్స్ ప్రాడా'లా ఉంది కదా!" డైరెక్టర్ గారు దాచలేదు. "ఉంది. అందుకే ముందు అందరం కూర్చుని అదే చూద్దాం. మనం ఏది ముట్టుకోకూడదో తెలుస్తుంది" అన్నారు.

కృష్ణానగర్‌లో మా ఆఫీసు ఒక మూడో అంతస్తు గది. అక్కడే గోడ మీద ప్రొజెక్టర్ వేసి రెండుసార్లు చూశాం. 2006లో వచ్చిన సినిమా అది. లారెన్ వైస్‌బెర్గర్ 2003లో రాసిన నవల దానికి ఆధారం. ఆమె అంతకుముందు 'వోగ్' ఎడిటర్ ఆనా వింటూర్ దగ్గర అసిస్టెంట్‌గా పనిచేసింది. డైరెక్టర్ డేవిడ్ ఫ్రాంకెల్. ప్రపంచం మొత్తం మీద 30 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఆస్కార్‌కి రెండు నామినేషన్లు వచ్చాయి: ఒకటి ఎడిటర్ పాత్ర వేసిన మెరిల్ స్ట్రీప్‌కి ఉత్తమ నటిగా, ఇంకొకటి కాస్ట్యూమ్స్‌కి ప్యాట్రీషియా ఫీల్డ్‌కి. ఒక కామెడీ సినిమాలో బట్టలకు నామినేషన్ రావడం నాకు చాలా పెద్ద విషయంగా అనిపించింది. బట్టలు అరువు ఇవ్వడానికి అక్కడి డిజైనర్లు కొందరు వెనకాడారట, వింటూర్‌కి కోపం వస్తుందని. చివరికి ఫీల్డ్ తన పరిచయాలతోనే చాలావరకు సమకూర్చుకుంది.

రెండోసారి చూసినప్పుడు నేను ఒకటి గమనించాను. మెరిల్ స్ట్రీప్ సినిమా మొత్తంలో గొంతు పెంచదు. క్లింట్ ఈస్ట్‌వుడ్ ఎప్పుడూ అరవడని, ఆ తీరునే తాను తీసుకున్నానని ఆమే చెప్పింది. ఆ ఆఫీసులో బట్టల్ని ఎవరూ వేళాకోళంగా చూడరు. ప్రాణం పోయినంత పనిగా చూస్తారు. నవ్వు అక్కడి నుంచే పుడుతుంది. నా నోట్‌బుక్ మొదటి పేజీలో ఇదే రాసుకున్నాను: బట్ట నిజమైనదై ఉండాలి, దాన్ని పట్టుకున్నవాళ్లు నమ్మాలి.

ఇక మా కష్టాలు. నిర్మాత ఇచ్చిన బడ్జెట్‌లో ఎడిటర్ పాత్రకే 22 సార్లు బట్టలు మార్చి చూపించాలి. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్‌లో బొటిక్‌ల చుట్టూ తిరిగాం. "సినిమాలో మా లాంటివాళ్ల మీద జోకులు వేస్తారు కదా" అని ఒకావిడ మొహం మీదే చెప్పి పంపేశారు. ఇంకో చోట మూడు చీరలు ఇస్తామని మాటిచ్చి, షూటింగ్‌కి ముందురోజు ఫోన్ ఎత్తలేదు. అక్క ఆ రాత్రి సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో షాపులు మూసేలోపు గుడ్డ కొని, మాస్టర్ దగ్గర కూర్చుని తెల్లారేసరికి రెండు జాకెట్లు, ఒక పొడవాటి కోటు కుట్టించింది. ఆ కోటే పోస్టర్ మీద ఉంది.

అసలు సీన్ దగ్గరికి వస్తాను. ఇంగ్లిష్ సినిమాలో నీలం రంగు స్వెటర్ గురించి ఎడిటర్ చెప్పే మాటలు అందరికీ గుర్తే: ఫ్యాషన్‌తో నాకేం పని అనుకునే అసిస్టెంట్‌కి, నువ్వు వేసుకున్న ఆ రంగుని కూడా మా లాంటివాళ్లే ఎంచారని చెబుతుంది. మా స్క్రిప్టులో మొదట అలాంటిదే ఒకటి ఉండేది, ఎడిటర్ నోట. డైరెక్టర్ గారికి నచ్చలేదు, నాకూ నచ్చలేదు. ఒకరోజు మాటల్లో అన్నాను: "సార్, మన దగ్గర బట్ట గురించి ఎక్కువ తెలిసినవాళ్లు ఎడిటర్ కుర్చీలో ఉండకపోవచ్చు. ఆ ఆఫీసులో టీ ఇచ్చే అటెండరు పద్మశాలీల ఇంటి మనిషి అయితే?" ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "వెళ్లి చూసి రా" అన్నారు.

విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాకా వెళ్లి లోపలికి తిరిగితే పుట్టపాక. తేలియా రుమాల్ నేసే ఊరు. గజం గోవర్ధన గారికి 2011లో పద్మశ్రీ తెచ్చిన నేత అది. తేలియా రుమాల్‌కి 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నూలుని నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో మళ్లీ మళ్లీ నానబెట్టి ఆరబెడతారు. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే రంగులు. నేను వెళ్లిన ఇంట్లో పెద్దాయన ఒక చున్నీ తీసి నా చేతిలో పెట్టి, "ముందు వాసన చూడు బిడ్డా" అన్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నగా నూనె వాసన. తర్వాత తిప్పి చూపించాడు. రెండు వైపులా ఒకటే రంగు, ఒకటే బొమ్మ. నూలు పోగుకే రంగు పట్టించి నేస్తారు కాబట్టి దానికి తిరగేసిన వైపు అంటూ ఉండదు. బొమ్మ అంచులు కత్తితో కోసినట్టు ఉండవు, కొంచెం చెదిరినట్టు ఉంటాయి.

పెద్దాయన భార్య కుడి భుజం పూర్తిగా పైకి లేపలేదు. ఏళ్లతరబడి చేత్తో ఆసు పోసింది, అంటే నేతకు ముందు నూలుని మేకుల చుట్టూ తిప్పి చుట్టింది. ఒక్క చీరకి మేకుల చుట్టూ చెయ్యి 9 వేల సార్లు ఆడాలి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తల్లి బాధ చూసి, 1999లో లక్ష్మీ ఆసు యంత్రం చేశాక చాలా ఇళ్లలో ఆ పని తగ్గింది. "మాకు ఆ మిషన్ వచ్చేటప్పటికే నా చెయ్యి పోయింది" అంది ఆవిడ, మామూలుగా. ఆ మాట స్క్రిప్టులో పెట్టమని నేను అడగలేదు. కామెడీలో అది ఇమడదు. కానీ అటెండర్ పాత్ర వేసే నటుడికి మాత్రం చెప్పాను.

సీన్ ఇలా కుదిరింది. కవర్ ఫొటో కోసం రెండు తేలియా చున్నీలు వస్తాయి. ఏది వాడాలో తేలక ఎడిటర్, స్టైలిస్టులు, ఫొటోగ్రాఫర్ వాదించుకుంటూ ఉంటారు. టీ ట్రే పట్టుకొచ్చిన అటెండరు ఒక చున్నీ వాసన చూస్తాడు. అందరూ ఆగిపోతారు. రెండోది వాసన చూసి, అంచు తిప్పి, "ఇది అచ్చు మేడమ్" అని, టీ కప్పులు పెట్టి వెళ్లిపోతాడు. అచ్చు అంటే నేసింది కాదు, పైన ప్రింట్ వేసింది.

ఇప్పుడు నా పని: నాలుగడుగుల దూరంలో రెండూ ఒకేలా కనిపించాలి, తిప్పితే తేడా తెలియాలి. పెద్దాయన చున్నీని ఫొటో తీసి డిజిటల్ ప్రింట్ చేయించాం. మొదటిది పల్చటి మల్‌మల్ గుడ్డ, రంగు అవతలి వైపుకి దిగిపోయింది, తిప్పినా అదే. రెండోసారి గుడ్డ కుదిరింది కానీ బొమ్మ అంచులు మరీ తీరుగా ఉన్నాయి, కెమెరామేన్ ఒక్క చూపులో పట్టేశారు. మూడోసారి ఫైల్‌లోనే అంచులు కాస్త చెదరగొట్టి, మందం ఉన్న నూలు గుడ్డ మీద వేయిస్తే కుదిరింది. వెనక్కి తిప్పితే వెలిసిపోయిన కాగితంలా ఉంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

షూటింగ్ రోజు రిహార్సల్‌లో ట్రే ఒరిగి అసలు చున్నీ మీద టీ పడింది. మా దగ్గర ఉన్నది అదొక్కటే. అలాంటిది ఇంకొకటి నేయాలంటే వారాలు పడుతుంది. నాకు కాళ్లు ఆడలేదు. అక్క మాత్రం చున్నీ లాక్కుని చల్లటి నీళ్ల బకెట్‌లో ముంచింది. "రుద్దకు, వదిలెయ్" అని నా చెయ్యి పక్కకి తోసింది. రంగు ఇసుమంత కూడా కదల్లేదు. తెలుపు ఉన్నచోట మాత్రం జానెడు మేర లేత మరక మిగిలింది. స్టీమర్‌తో ఆరబెట్టి, మరక లోపలికి పోయేలా మడత పెట్టి, ఆ మడతని నాలుగు వైపుల నుంచి ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాను. ఆ రోజు ప్రతి టేక్‌కీ ముందు ఆ ఫొటోలు చూసుకుంటూ మడత సరిచేయడమే నా ఉద్యోగం. పుట్టపాక పెద్దాయనకు ఫోన్ చేసి జరిగింది చెప్పి, చున్నీ మేమే కొనుక్కుంటామని డబ్బులు పంపాం.

అన్నీ అయ్యాక ఎడిటింగ్ రూమ్‌లో చూస్తే ఆ సీన్‌కి ఎవరూ నవ్వలేదు. నాకు చాలా బాధేసింది. మూడుసార్లు చూశాక కారణం తెలిసింది. అటెండర్ యాసని కొంచెం సాగదీసి పలికించారు. వాసన చూసినప్పుడు వెనక ఒక గమ్మత్తు శబ్దం వేశారు. పక్కవాళ్లు నవ్వుతున్న షాట్లు రెండు పెట్టారు. తెలంగాణ మాటని నవ్వు కోసం వాడే అలవాటు మన సినిమాల్లో చాలాకాలం నుంచి ఉంది, అది నాకు ఎప్పుడూ గుచ్చుకుంటుంది. అసోసియేట్ కాస్ట్యూమ్ మనిషి ఎడిటింగ్‌లో నోరు విప్పకూడదు. అయినా ఉండబట్టలేక అన్నాను: "సార్, ఆయన జోకు వెయ్యట్లేదు. వాళ్లింట్లో తెలిసిన విషయం చెబుతున్నాడు." డైరెక్టర్ గారు శబ్దం తీయించారు, నవ్వే షాట్లు తీసేశారు. డబ్బింగ్‌లో నటుడు ఆ మాటని, ఇంట్లో "ఉప్పు తక్కువైంది" అన్నంత మామూలుగా చెప్పాడు. ఎడిటర్ పాత్రధారి "ఊఁ" అనే ఒక్క శబ్దం మాత్రమే వదిలారు. సీన్ 20 సెకన్లు తగ్గింది.

మొదటి రోజు మార్నింగ్ షోకి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కి వెళ్లాం, అక్కా నేనూ. వెనక వరుసలో కూర్చున్నాం. అటెండరు చున్నీ ముక్కు దగ్గర పెట్టుకోగానే హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. "ఇది అచ్చు మేడమ్" అనగానే పేలింది. తర్వాతి డైలాగు ఎవరికీ వినపడలేదు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండో వారం స్క్రీన్లు పెరిగాయని నిర్మాత ఫోన్ చేసినప్పుడు కూడా నాకు గుర్తొచ్చింది ఆ హాలులోని నవ్వే.

మా ముందు వరుసలో ఒకావిడ, ఆ నవ్వు ఇంకా ఆగకముందే, తన చున్నీ కొస తీసి వెనక్కి తిప్పింది. పక్కనున్న పెద్దావిడ ఫోన్ లైట్ వేసి పట్టుకుంది. ఇద్దరూ వంగి చూసుకున్నారు.