తమ్ముడికి గది: ఉప్పల్ వద్దని విద్యానగర్ ఎందుకు చూశానంటే

మా తమ్ముడికి దోస్త్‌లో, అంటే డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో, హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో ఉన్న నిజాం కాలేజీ సీటు వచ్చింది. 1887 నాటి కాలేజీలో మా ఇంటి పిల్లాడు చదవబోతున్నాడని అమ్మానాన్నల సంతోషం అంతా ఇంతా కాదు. హాస్టల్ వద్దు, గది తీసుకుని వండుకుని తింటానని వాడే పట్టుబట్టాడు. వాడికీ, వాడి దోస్తుకూ కలిపి కిరాయికి ఒక గది చూసే పని నా మీద పడింది. నేను కోఠి మహిళా కాలేజీలో డిగ్రీ చేసి, ఇప్పుడు ఉస్మానియాలో ఎంఏ చదువుతున్నాను. కోఠి నుంచి తార్నాక దాకా గల్లీలు నాకు బాగా అలవాటు.

మాది జనగామ దగ్గర ఊరు. మా దిక్కు పిల్లలు పట్నం వస్తే మొదట ఉప్పల్, రామంతాపూర్ చూస్తారు. వరంగల్ రోడ్డు బస్సు దింపేది అక్కడే కదా. సూర్యాపేట, నల్గొండ, ఖమ్మం పిల్లలు ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి ఆ చుట్టుపక్కలే ఉండిపోతారు. కరీంనగర్, సిద్దిపేట వాళ్లకు జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) ఎట్లాగో, పాలమూరు వాళ్లకు ఆరాంఘర్ అట్లా. తెలియక చేసే పని కాదిది. ఇంటి నుంచి బియ్యం బస్తా వస్తుంది, కందిపప్పు వస్తుంది, పచ్చడి డబ్బా వస్తుంది. పాతిక కిలోల బస్తాతో రెండు బస్సులు మారడం ఎంత కష్టమో మోసినవాళ్లకే తెలుస్తుంది. నాన్న కూడా అదే అన్నాడు: "ఉప్పల్‌లనే చూడు బిడ్డా, నేను బస్తా తెచ్చి దించిపోత."

అయినా ఉప్పల్ వద్దన్నాను. నా లెక్క వేరు, తమ్ముడి లెక్క వేరు. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్ల ఉచిత బస్సు పథకం మహాలక్ష్మి మొదలైనప్పటి నుంచి సిటీ ఆర్డినరీలోనూ మెట్రో ఎక్స్‌ప్రెస్‌లోనూ ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. నా క్లాస్‌మేట్లలో కొందరు ఆ ధైర్యంతోనే కిరాయి తక్కువని బోడుప్పల్, పీర్జాదిగూడ దాకా వెళ్లిపోయారు. బస్సులో గంట నిలబడాలి, నిజమే, కానీ ఆ గంటకు పైసా ఖర్చు లేదు. చదువు మానేయాల్సి వస్తుందేమో అనుకున్న పిల్లలు ఆ జీరో టికెట్ వల్లే క్లాసుకు వస్తుండటం నేను రోజూ చూస్తున్నాను. మగపిల్లాడికి ఆ వెసులుబాటు లేదు. ఉప్పల్ నుంచి బషీర్‌బాగ్ అంటే పొద్దున పూట రామంతాపూర్, అంబర్‌పేట చే నంబర్ దాటుకుని రావాలి. మెట్రో ఎక్కితే సికింద్రాబాద్ దిక్కు తిరిగి, పరేడ్ గ్రౌండ్‌లో లైను మారి, నారాయణగూడలో దిగి, అక్కడి నుంచి మళ్లీ ఆటో. కిరాయిలో మిగిలేది దారిలో పోతుంది.

కాలేజీకి దగ్గరని అశోక్‌నగర్, చిక్కడపల్లి కూడా చూశాను. సిటీ సెంట్రల్ లైబ్రరీ అక్కడే ఉంది కాబట్టి గ్రూప్స్‌కు చదివేవాళ్లంతా ఆ గల్లీల్లోనే ఉంటారు. నోటిఫికేషన్ పడిందంటే ఒక్క మంచం కూడా ఖాళీ దొరకదు. ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి చదువుతున్న అన్నలు, అక్కలు ఉన్న చోట డిగ్రీ పిల్లలం పోయి పోటీ పడటం నాకు ఇష్టం లేకపోయింది. ఇంకో సంగతి, హుస్సేన్‌సాగర్ నాలా అశోక్‌నగర్ మీదుగా వచ్చి, నల్లకుంట పక్క నుంచి గోల్నాక దిక్కు పోయి మూసీలో కలుస్తుంది. గట్టి వాన పడితే నాగమయ్యకుంట, పద్మ కాలనీ వైపు ఇళ్లలోకి నీళ్లొస్తాయి. ఆ పక్క గ్రౌండ్‌ఫ్లోర్ గది ఎంత చవకగా దొరికినా తీసుకోవద్దు. గోడ మీద మోకాలెత్తున తడి మరక, దాని మీద కొత్త సున్నం కనిపిస్తే అడగాల్సిన పని కూడా లేదు.

చివరికి నా మనసు విద్యానగర్, అడిక్‌మెట్, నల్లకుంట మీదే నిలిచింది. ఇవి యూనివర్సిటీని ఆనుకుని ఉన్న బస్తీలు, కాలనీలు. పాత ఇళ్ల మీద ఒక్కో గది, రెండు గదులు వేసి పిల్లలకు కిరాయికిస్తారు. డాబా మీద రేకుల గదిని కూడా ఇక్కడ పెంట్‌హౌస్ అనే అంటారు. కర్రీ పాయింట్లు, మెస్‌లు గల్లీకొకటి ఉంటాయి, పరీక్షల రోజుల్లో వండుకునే టైం లేకపోయినా ఆకలితో పడుకునే పని లేదు. విద్యానగర్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషన్ ఉంది. రైళ్లు తక్కువే అయినా సికింద్రాబాద్ పోవడానికి అంత చవకైన దారి ఇంకోటి లేదు. ఊరి నుంచి రైల్లో వస్తే బస్తా కూడా అట్లాగే తెచ్చుకోవచ్చు. ఫీవర్ హాస్పిటల్ స్టాపులో నిలబడితే కోఠి పోయే బస్సులూ, నారాయణగూడ దిక్కు పోయే బస్సులూ దొరుకుతాయి. బస్సులు బందైన రోజున కూడా నిజాం కాలేజీకి నడిచి పోవచ్చు, నాలుగైదు కిలోమీటర్లు.

టూలెట్ బోర్డు కనిపించిన ప్రతి ఇంటి మెట్లూ ఎక్కాను. "పోరగాండ్లకు ఇయ్యం బిడ్డా, నువ్వుంటానంటే చెప్పు" అన్నవాళ్లే ఎక్కువ. నీసు వండుతారా అని అడిగినవాళ్లకు వండుతామనే చెప్పాను. దాచి చేరితే ఆదివారం పూట కూర వండుకుని భయంభయంగా తినాలి, అట్లాంటి బతుకు తమ్ముడికి వద్దు. ఒక ఇంట్లో గది బాగుంది, గాలి వెలుతురు ఉంది, కిరాయి కూడా మేం అనుకున్నంతే. తాళం చేతికిస్తూ "ఇంతకీ మీరు ఏమోళ్లు?" అని అడిగింది ఇంటావిడ. జవాబు చెప్పకుండా తాళం అక్కడే పెట్టి వచ్చేశాను. చదువుకోవడానికి వచ్చిన పిల్లాడి కులం గది కిరాయిలో భాగం కాదు. ఇప్పుడు తలుచుకున్నా నాకు కోపం తగ్గదు.

కరెంటు గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే పిల్లలు ఎక్కువగా నష్టపోయేది అక్కడే. గది బయట గోడ మీద ఓనర్ పెట్టించిన చిన్న సబ్‌మీటర్ ఉంటుంది. ఓనర్లు దాని మీద యూనిట్‌కు పది రూపాయలు లెక్క కడతారు. డిపార్ట్‌మెంటు వేసిన సొంత మీటర్ ఉంటే, నెలకు వంద యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లకు యూనిట్ 1.95 రూపాయలు, ఆపైన 3.10. ఇద్దరు పిల్లలు ఒక ఫ్యాను, ట్యూబ్‌లైటు, రైస్ కుక్కర్, ఫోన్ చార్జర్లు వాడితే నెలకు 60 యూనిట్లనుకోండి. సొంత మీటర్ అయితే ఫిక్స్‌డ్, కస్టమర్ చార్జీలన్నీ కలిపినా రెండొందల చిల్లర. సబ్‌మీటర్ అయితే ఆరొందలు. కిరాయి మూడొందలు తక్కువని సబ్‌మీటర్ గదిలో చేరితే ఆ తక్కువంతా ఇక్కడే పోయినట్టు. గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు కిరాయి ఇళ్లకూ ఉంది గానీ దానికి తెల్ల రేషన్‌కార్డు కావాలి, ఊరి కార్డులో పేరున్న విద్యార్థుల గదికి అది అక్కరకు రాదు.

నీళ్లది కూడా ఇట్లాంటి కథే. నల్లా నీళ్లు చాలా చోట్ల రోజు విడిచి రోజు వస్తాయి. 2021 జనవరి నుంచి ఇంటి నల్లాకు మీటరు ఉంటే నెలకు 20 వేల లీటర్ల దాకా బిల్లు లేదు. అట్లాంటి ఇంట్లో కూడా నీళ్ల పేరుతో నెలకు మూడొందలు అడిగేవాళ్లున్నారు. నల్లాకు మీటరు ఉందా, మోటర్ ఎన్నింటికి వేస్తారు, ఎండాకాలం బోరు ఎండిపోతే ట్యాంకర్ డబ్బులు ఎవరు పెట్టుకోవాలి, ఇవన్నీ ముందే అడగాలి. ఓనర్ కంటే గది ఖాళీ చేస్తున్న పిల్లల్ని అడిగితే సరైన జవాబులు దొరుకుతాయి. అడిక్‌మెట్‌లో సామాను కట్టుకుంటున్న ఒక తమ్ముడు నన్ను డాబా మీదికి తీసుకుపోయి ట్యాంకు మూత తీసి చూపించాడు. "అక్కా, ఈ ఇంట్ల నీళ్లకు ఫికర్ లేదు, కని పైన ఎండకు గది కాలుతది, కిటికీకి గోనెసంచి తడిపి కట్టుకోమను" అన్నాడు. ఆ మాట మీదే ఆ గది ఖాయం చేశాను.

కిరాయి ఏడు వేలు, తలకు మూడున్నర వేలు. రెండు నెలల అడ్వాన్స్. బ్రోకర్ లేడు కాబట్టి కమీషన్ మిగిలింది. కాలేజీ రోజుల్లో మధ్యాహ్నం పూట ఆ దారిలో 5 రూపాయల భోజనం కౌంటర్ తెరిచి ఉంటే అన్నం, సాంబారు, కూర, పచ్చడితో కడుపు నిండుతుంది. 2014లో మొదలైన ఆ భోజనం మీద డిగ్రీ మూడేళ్లు నెట్టుకొచ్చిన పిల్లలు నాకు తెలుసు, అందులో చిన్నతనమేమీ లేదు. రాత్రికి గదిలో బియ్యం ఉంటుంది, కూర వండుకుంటారు, లేదంటే పాయింట్‌లో ఒకటి తెచ్చి ఇద్దరూ పంచుకుంటారు.

గదిలో దిగిన రోజే తమ్ముడితో ప్రతి గోడనూ, తలుపునూ, బాత్రూం నల్లాలనూ ఫోటోలు తీయించి ఓనర్ వాట్సాప్‌కు పంపించాను. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల కిరాయి పట్టుకోవడం ఈ నగరంలో ఆనవాయితీ. పట్టుకుంటే ఎంత పట్టుకుంటారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నది అడ్వాన్స్ రసీదు మీదే రాయించుకున్నాను. ఓనర్ మంచాయన, అడగ్గానే రాసి సంతకం పెట్టాడు. మీరు కూడా ఈ ఏడాది ఇటు వైపే గది చూస్తుంటే శివం రోడ్డు నుంచి అడిక్‌మెట్ ఫ్లైఓవర్ దాకా ఒక సాయంత్రం నడవండి. బోర్డులు కనిపిస్తాయి, ఖాళీ చేసే పిల్లలూ ఆ టైంకే ఇంట్లో ఉంటారు.