హెచ్610 బోర్డులో 6000 ర్యామ్ వేస్తే ఏమవుతుంది?

6000 (ఎంటీ/ఎస్) వేగం ఉన్న డీడీఆర్5 ర్యామ్ కొని ఇంటెల్ ప్రాసెసర్లకు వాడే హెచ్610 మదర్‌బోర్డులో వేస్తే అదనంగా పెట్టిన డబ్బు దండగే. ఆ బోర్డు చిప్‌సెట్‌లో (బోర్డు మీది ప్రధాన చిప్‌లో) మెమరీ ఓవర్‌క్లాకింగ్, అంటే ర్యామ్‌ను మామూలు కంటే ఎక్కువ వేగంతో నడపడం, లేదు. ఐ5-12400 లాంటి ప్రాసెసర్‌తో 4800 దగ్గరే ఆగిపోతుంది. ధర కొంచెం ఎక్కువైనా బి760 బోర్డు తీసుకోండి, అందులో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌లో ముందే ఉంచిన వేగం సెట్టింగుల ప్రొఫైల్) ఆన్ చేసి వేగం పెంచుకోవచ్చు. ఇంకా పై స్థాయి బోర్డు జడ్790 అవసరం ముఖ్యంగా పేరు చివర కె ఉన్న ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేసేవాళ్లకే.

ఏఎండీ ప్రాసెసర్లకు వాడే ఏఎం5 బోర్డుల్లో ఈ బెడద తక్కువ. చవకైన ఏ620 బోర్డులో కూడా ఎక్స్‌పో (ఎక్స్‌ఎంపీ లాంటి ఏఎండీ ప్రొఫైల్) నడుస్తుంది. రైజెన్ 7000 ప్రాసెసర్లకి 6000 వేగం, సీఎల్30 (సీఎల్ అంటే ర్యామ్ స్పందించడంలో ఆలస్యం, తక్కువైతే మేలు) ఉన్న కిట్, రెండు స్టిక్‌లది, చాలు. అంతకు బాగా పైకి వెళ్తే మెమరీ కంట్రోలర్ (ప్రాసెసర్‌లో ర్యామ్‌ను నడిపే భాగం) సగం వేగానికి దిగుతుంది. అంకె పెరిగినా గేముల్లో పెద్దగా లాభం కనిపించదు. నాలుగు స్టిక్‌లు మాత్రం వద్దు, అప్పుడు ఏఎండీ అధికారికంగా చెప్పేది 3600 మాత్రమే.

నాలుగు స్లాట్లుంటే మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. ప్రొఫైల్ ఆన్ చేశాక మొదటిసారి స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. అది మెమరీ ట్రెయినింగ్, అంటే ర్యామ్‌కు సరిపడే సెట్టింగులను బోర్డు వెతుక్కోవడం, కంగారుపడి పవర్ తీసేయకండి. విండోస్ వచ్చాక టాస్క్ మేనేజర్‌లో మెమరీ వేగం చూడండి. ఇంకా 4800 అనే ఉంటే ప్రొఫైల్ పడలేదన్నమాట.