జూలై గాలికి హుస్సేన్ సాగర్

విశాఖ నుంచి పిల్లల్ని సెయిలింగ్ పోటీలకు హైదరాబాద్ తీసుకెళ్తే మొదటి చిక్కు రైల్లోనే ఎదురవుతుంది. ఆప్టిమిస్ట్ అనే పిల్లల తెరచాప పడవ పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. దాన్ని మోసుకెళ్ళే పని లేదు, అక్కడే అద్దెకు మాట్లాడుకోవచ్చు. తెరచాప, చుక్కాని, డాగర్‌బోర్డు (పడవ పక్కకు జారకుండా నీటిలోకి దించే పలక) మాత్రం ఎవరివి వాళ్ళు తెచ్చుకుంటేనే మేలు. తెరచాపను మడత పెట్టకూడదు. బూమ్ (చాప అడుగున కట్టే అడ్డకొయ్య) వైపు నుంచి పైకి, లోపలి పట్టీలకు సమాంతరంగా చుట్టాలి. మడత పడ్డ చోట గీత నిలిచిపోయి అక్కడ గాలి సాఫీగా జారదు. చుట్టిన చాప దాదాపు రెండు మీటర్లుంటుంది. పీవీసీ గొట్టంలో దూర్చి రెండు కొసలకూ మూతలు బిగించి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కించాం. కింది బెర్తు కింద పెడితే గొట్టం కొస నడవాలోకి వస్తుంది. అర్ధరాత్రి చీకట్లో ఎవరో ఒకరు దాన్ని తొక్కక మానరు, అందుకే గొట్టం గట్టిదే కావాలి.

ఆ ఏడాదిలో 16 నిండేవాళ్ళకు ఆప్టిమిస్ట్‌లో చోటు లేదు. వాళ్ళు పెద్ద పిల్లల పడవలైన ఐఎల్‌సీఏ 4కో 29ఈఆర్‌కో మారాలి. అందుకే పేరు నమోదు చేసేటప్పుడు పుట్టిన తేదీ పత్రం, తల్లిదండ్రుల సంతకం ముందు అడుగుతారు.

సముద్రం మీద నేర్చుకున్న పిల్లలకు హుస్సేన్ సాగర్ చిన్న చెరువులా కనిపిస్తుంది. నీళ్ళలోకి దిగాక తెలుస్తుంది దాని సంగతి. విశాఖలో సముద్రపు గాలి ఒకసారి నిలదొక్కుకుంటే గంటల తరబడి ఒకే దిక్కు నుంచి వస్తుంది. ఇక్కడ జూలైలో గాలి పడమర, నైరుతిల నుంచే వస్తుంది కానీ నెక్లెస్ రోడ్డు వైపు చెట్లూ భవనాలూ దాటుకుని ముక్కలు ముక్కలుగా నీటి మీద పడుతుంది. రెండు నిమిషాలకోసారి దిక్కు పది, ఇరవై డిగ్రీలు తిరుగుతుంది. కండబలంతో పడవను అణిచిపెట్టే పిల్లలు ఇక్కడ వెనకబడతారు. తల పైకెత్తి, గాలి తాకిన చోట నీటి మీద కనిపించే నల్లటి మచ్చలు ఎక్కడ కదులుతున్నాయో చూసేవాళ్ళు ముందుకెళ్తారు.

పోటీలో సగం ఒడ్డునే తేలిపోతుందని నా నమ్మకం. అద్దె పడవ చేతికి రాగానే మూడు గాలి సంచులు ఊది రాత్రంతా వదిలేశాం. పొద్దున నొక్కితే మెత్తబడింది ఏదో, అందులో చిల్లు. మిట్టమధ్యాహ్నం ఎండలో గట్టిగా ఊదినా ముప్పే, వేడికి ఉబ్బి కుట్లు తెగుతాయి. తర్వాత మాస్ట్ (చాపను నిలిపే నిలువు కొయ్య) అడుగున క్లాంప్ బిగించి, మాస్ట్‌ను బల్లకు భద్రతాతాడుతో కట్టాలి. పడవ బోల్తాపడ్డప్పుడు మాస్ట్ తన గూటిలోంచి ఊడితే ఆ గూడే చీలుతుంది, ఇక మరమ్మతు ఆ రోజుకు కాదు. ముందు కట్టే లాగుడు తాడు నీటిలో తేలేది, కనీసం 5 మిల్లీమీటర్ల మందం, 8 మీటర్ల పొడవు ఉండాలి. తెడ్డు, నీళ్ళు తోడే డబ్బా కూడా పడవకే కట్టి ఉండాలి. ఐదు లీటర్ల నూనె డబ్బా అడుగు ఏటవాలుగా కోస్తే కొన్న బెయిలర్ కన్నా బాగా తోడుతుంది.

తెరచాపను మాస్ట్‌కు కట్టే సన్నతాళ్ళే అసలు పని. చాపకూ కొయ్యకూ మధ్య సందు 10 మిల్లీమీటర్లు దాటకూడదని నియమం, మేము రెండు మూడుకు మించనివ్వం. తాళ్ళు తడిస్తే సాగుతాయి. పొద్దున సరిగ్గా ఉన్న సందు మొదటి రేస్ అయ్యేసరికి పెరిగి తనిఖీలో పట్టుబడుతుంది. అందుకే ఒక సాయంత్రం తడిపి, లాగి, మళ్ళీ కట్టాలి.

ఇక స్ప్రిట్, అంటే చాప పైమూలను ఎత్తి పట్టే ఏటవాలు కొయ్య. మాస్ట్ పైమూల నుంచి బూమ్ కొస దాకా ఏటవాలు ముడత పడితే స్ప్రిట్ వదులుగా ఉన్నట్టు. స్ప్రిట్ పైకొన నుంచి మాస్ట్ కిందిమూల దాకా పడితే బిగువెక్కువ. ఒడ్డున ముడతే లేకుండా చూసుకుంటే గాలి పెరగ్గానే స్ప్రిట్ వంగి మొదటిరకం ముడత పుడుతుంది. కాబట్టి వాన మబ్బు కనిపిస్తే రెండోరకం ముడత కొద్దిగా ఉండేలా బిగించి పంపాలి. ఆ సర్దుబాటు ఐదు నిమిషాల సిగ్నల్‌కు ముందే జరగాలి, తర్వాత చేతులు ఖాళీ ఉండవు.

సిగ్నల్స్‌లో తికమకేం లేదు. స్టార్ట్‌కు ఐదు నిమిషాలుండగా పడవ రకాన్ని తెలిపే క్లాసు జెండా, నాలుగుండగా సిద్ధం కమ్మనే పీ జెండా లేదా దాని బదులు వేరొకటి లేస్తాయి, ఒక నిమిషం ఉండగా ఆ రెండోది దిగుతుంది, సున్నాకు క్లాసు జెండా దిగుతుంది. లెక్క జెండాదే, హారన్‌ది కాదు. ట్యాంక్‌బండ్ హారన్ల మధ్య చెవిని నమ్ముకుంటే మోసపోతారు.

స్టార్ట్ లైన్ ట్యాంక్‌బండ్ వైపు, ఉత్తర దక్షిణాలుగా పడింది. మధ్యలో ఉన్న పిల్లలు తాము లైన్ మీదే ఉన్నామనుకుని ఒక పడవ పొడవు వెనకే ఆగిపోతారు, ఎప్పుడూ ఇంతే. దీనికి మందు సూటి గుర్తు. లైన్ ఒక కొసన ఉండే కమిటీ పడవ దగ్గర నిలిచి, అవతలి కొస బోయ్ (నీటిలో తేలే గుర్తు) మీదుగా ఒడ్డున ఏం కనిపిస్తుందో చూసుకోవాలి. మావాళ్ళకు సచివాలయం గుమ్మటం దొరికింది. స్టార్ట్‌లో బోయ్, గుమ్మటం కలిసే దాకా ధైర్యంగా ముందుకు జరగొచ్చు. బయలుదేరే ముందు గాలికి ఎదురుగా రెండు టాక్‌లూ (గాలిని కుడి పక్కన ఒకసారి, ఎడమ పక్కన ఒకసారి పట్టి నడవడం) వేసి ముక్కు ఎటు నిలుస్తోందో గుర్తుపెట్టుకోవాలి. గాలి కుడివైపు నుంచి తగిలే స్టార్‌బోర్డ్ టాక్‌లో ముక్కు ఎన్టీఆర్ గార్డెన్ వైపు, పోర్ట్ టాక్‌లో సంజీవయ్య పార్కు జెండా స్తంభం వైపు చూసింది. రేస్‌లో ముక్కు గార్డెన్‌ను వదిలి సచివాలయం వైపు జారితే హెడర్, అంటే ముక్కు వైపు తిరిగి దారి చెడగొట్టే గాలి, వచ్చినట్టే. ఐదు సెకన్లు ఆగి, అది నిలిస్తే టాక్ వెయ్యాలి, అంటే ముక్కును గాలి మీదుగా రెండో పక్కకు తిప్పాలి. ఆ స్తంభం 291 అడుగులు. పైన రెపరెపలాడే జెండాను చూసి దిక్కు నిర్ణయించొద్దని ముందే చెప్పాం, అంత ఎత్తున గాలి వేరు, నీటి మీద గాలి వేరు.

బుద్ధుడి విగ్రహం 1992 నుంచి జిబ్రాల్టర్ రాక్ మీద ఉంది. పడమటి గాలికి దానికి తూర్పున గాలి నీడ పడుతుంది, అందులో దూరిన పడవ చాప వేలాడేసుకుని నిలబడిపోతుంది. లుంబినీ పార్కు నుంచి విగ్రహానికి తిరిగే టూరిస్టు పడవల అలలు ఇంకో తలనొప్పి. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ ప్లైవుడ్‌తో కట్టడానికి వీలుగా గీసిన పడవ ఇది, ముక్కు మొండి. అల తగిలితే గోడకు గుద్దినట్టు ఆగుతుంది. అల రాకముందే షీటు (చాపను లాగి పట్టే తాడు) అరచేతి మందం వదిలి, కాస్త వెనక్కి జరిగి, ముక్కును కొద్దిగా గాలివాటుకు దించాలి.

నాచు, గుర్రపుడెక్క వేళ్ళు, ప్లాస్టిక్ సంచులు ఈ చెరువుకే సొంతం. చుక్కాని పిడి వణికినా, పక్క పడవ ఊరికే ముందుకెళ్తున్నా అడుగున ఏదో చుట్టుకుందని అర్థం. డాగర్‌బోర్డును సగం పైకి లాగి మళ్ళీ దించితే చాలావరకు జారిపోతుంది. చుక్కానిదైతే వెనక్కి వంగి చేత్తో తీయాల్సిందే. నీళ్ళు శుభ్రమైనవి కావు. గాయాలకు నీరు పోని పట్టీ వేసి, ఒడ్డుకు రాగానే సబ్బుతో చేతులు కడిగాకే అరటిపండు ఇచ్చాం.

గాలి పడిపోయినప్పుడు పిల్లలు ముందుకు పోవాలని పడవను ఊపుతారు, అది నిషిద్ధం. ఈల మోగి పసుపు జెండా లేస్తే వెంటనే పక్కకెళ్ళి రెండు పూర్తి చుట్లు తిరగాలి. రెండోసారి అయితే ఆ రేస్ వదులుకోవాలి. ఎదుటి పడవకు అడ్డం పడ్డా రెండు చుట్లే, బోయ్‌ను తాకితే ఒకటి. తప్పు తనదని తెలిసీ తిరగని పిల్లలే ఎక్కువ. లెక్క చెప్పి చూపించాం: 60 పడవల్లో రెండు చుట్లకు పోయేది ఐదారు స్థానాలు, అనర్హత పడితే 61 పాయింట్లు, ఇక్కడ తక్కువ పాయింట్లదే గెలుపు. ఫిర్యాదుకు ఈ పడవ మీద ఎర్ర జెండా అక్కర్లేదు, ఆరు మీటర్లలోపుది కదా. వెంటనే “ప్రొటెస్ట్” అని వినపడేలా అరవాలి, గడువులోగా కాగితం ఇవ్వాలి.

ఒడ్డున బయలుదేరేటప్పుడూ తిరిగొచ్చాకా పట్టికలో సంతకం తప్పదు. అలసటలో దాన్ని మరిచి, గెలిచిన రేస్‌కు పెనాల్టీ తెచ్చుకునేవాళ్ళు ప్రతి పోటీలోనూ కనిపిస్తారు. చాపను మంచినీటితో కడిగి, నీడలో ఆరేసి, పూర్తిగా ఆరాకే గొట్టంలో పెట్టాలి. సాయంత్రం రైలుందని తడిగా చుడితే విశాఖ చేరేసరికి బూజు మచ్చలు పడతాయి, అవి వదలవు.