మావయ్య సైట్ పేరు మా చేతికి వచ్చిన తీరు

కాశీబుగ్గలో మా మావయ్యకి జీడిపప్పు బట్టీ ఉంది. పలాస పప్పు అంటే చాలు అమ్ముడైపోతుందని బయటివాళ్లు అనుకుంటారు గానీ, అదే పేరు చెప్పి అమ్మేవాళ్లు చాలామంది ఉన్నప్పుడు, ఒకసారి కొన్నవాడు మళ్లీ మన దగ్గరికే రావడానికి ఒక గుర్తు కావాలి. మావయ్యకి ఆ గుర్తు ఆయన వెబ్‌సైట్ పేరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం జీడితోటల్ని కూల్చేశాక, మిగిలిన సరుకుని నేరుగా బయటి ఊళ్లకి అమ్ముకుందామని ఆ సైట్ పెట్టించారు. టిన్నుల మీద, బిల్లు పుస్తకం మీద అదే అచ్చయి ఉంది. బరంపురం, రాయ్‌పూర్ స్వీటు షాపులవాళ్లు ఆర్డర్లు పంపే మెయిల్ కూడా ఆ పేరుతోనే.

ఆ డొమైన్, అంటే సైట్ పేరు, మాత్రం మావయ్య పేరున లేదు. సైట్ చేసిపెట్టిన అబ్బాయి దాన్ని తన అకౌంట్లో, తన మెయిల్‌తో, తన ఫోన్ నంబరుతో కొన్నాడు. అతనికి చెడు ఉద్దేశం ఉందని నేను అనను. చిన్న వ్యాపారాలకి సైట్లు చేసేవాళ్లలో చాలామంది ఇలాగే చేస్తారు. ఏటా మావయ్య డబ్బు పంపేవారు, అతను రెన్యువల్ కట్టేవాడు. తర్వాత అతను ఆ పని మానేసి ఉద్యోగంలో చేరాడు. ఫోన్ ఎత్తడం తగ్గింది. ఒక ఏడాది రెన్యువల్ ఆఖరి దాకా సాగేసరికి ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. మాలాంటి డాట్ కామ్ పేరు గడువు దాటిన వెంటనే పోదు, నిజమే. రిజిస్ట్రార్‌ని, అంటే పేరు అమ్మిన కంపెనీని, బట్టి 45 రోజుల వరకు గడువు ఇవ్వొచ్చు, ఆ తర్వాత ఇంకో 30 రోజులు ఎక్కువ ఫీజు కట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు. కానీ అవి కూడా దాటితే మరో 5 రోజుల్లో రిజిస్ట్రీ (డాట్ కామ్ పేర్లన్నీ నమోదై ఉండే చోటు) నుంచి తీసేస్తారు, ఇక ఎవరైనా కొనుక్కోవచ్చు. పైగా సైటూ మెయిలూ గడువు దాటిన కొద్దిరోజులకే ఆగిపోవచ్చు.

అప్పుడే నేను, ఆ పేరుని అబ్బాయి అకౌంట్లోంచి వేరే రిజిస్ట్రార్ దగ్గర మా అకౌంట్లోకి తెచ్చే పని నెత్తికెత్తుకున్నాను. మావయ్య మొదట నమ్మలేదు. "మన పేరే కదరా, మనది కాకపోవడమేటి?" అన్నారు. పొలం మనమే దున్నుకుంటున్నా పాస్‌బుక్ ఇంకొకరి పేరున ఉంటే ఎలాగో ఇదీ అలాగే మావయ్యా అని చెప్పాను. ఆ తర్వాత నన్ను తొందరపెట్టింది ఆయనే.

ముందు ఐకాన్ (ICANN) వాళ్ల లుకప్ పేజీలో మా పేరు కొట్టి చూశాను. డొమైన్ పేర్ల వ్యవస్థకి నియమాలు పెట్టే సంస్థ అది, 1998 నుంచి ఉంది. రిజిస్ట్రార్ ఎవరు, ఎప్పుడు కొన్నారు, గడువు ఎప్పుడు, నేమ్‌సర్వర్లు (సైటూ మెయిలూ ఎక్కడున్నాయో చెప్పే సర్వర్లు) ఏవి అన్నీ కనిపించాయి. ఓనరు పేరు మాత్రం ప్రైవసీ కింద దాచి ఉంది. స్టేటస్ దగ్గర క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్ అని ఉంటే కంగారు పడక్కర్లేదు. అది తాళం, ఓనరు అకౌంట్లోంచి తీస్తే పోతుంది. మంచిదే కూడా, దొంగతనంగా పేరు తరలించకుండా ఆపేది అదే.

అబ్బాయిని ఒప్పించడమే ఈ మొత్తంలో కష్టమైన భాగం. రికార్డు ప్రకారం ఓనరు అతనే. అతను కాదంటే పాత రిజిస్ట్రార్‌కి మేం ఎంత రాసినా, పేరు తరలించడానికి కావలసిన కోడ్ ఇమ్మని అడిగే హక్కు మాకు లేదు. అందుకే గొంతు పెంచకుండా మాట్లాడాం. ఏటా డబ్బు పంపిన బ్యాంకు వివరాలు, అప్పటి మెయిళ్లు తీసి దగ్గర పెట్టుకున్నాం గానీ వాటి అవసరం రాలేదు. సైట్ మెయింటెనెన్స్ కింద తనకి కొంత రావాలన్నాడు. అది డొమైన్‌కి సంబంధం లేని బాకీ, అయినా మావయ్య మారుమాట లేకుండా ఇచ్చేశారు. అతను విజయనగరంలో ఉంటున్నాడు. ఆదివారం వాళ్లింటికే వెళ్లి కూర్చున్నాను. ఇలాంటి పని ఫోన్‌లో కంటే పక్కన కూర్చుంటేనే తెములుతుంది.

లాగిన్ కాగానే అతను ఓనరు పేరు, మెయిల్ మార్చేయబోయాడు. "ఇక్కడే మీ మావయ్యగారి పేరు పెట్టేస్తాను" అన్నాడు. ఆగమన్నాను. డాట్ కామ్ విషయంలో ఓనరు పేరో మెయిలో మార్చితే 60 రోజుల పాటు వేరే రిజిస్ట్రార్‌కి వెళ్లకుండా లాక్ పడుతుంది. మార్చే ముందే ఆ లాక్ వద్దని ఎంచుకునే వీలు కొన్ని రిజిస్ట్రార్లు ఇస్తాయి, అన్నీ ఇవ్వవు. కొత్తగా కొన్నా, అంతకుముందే ఒకసారి ట్రాన్స్‌ఫర్ చేసినా 60 రోజులు ఆగాల్సిందే. కాబట్టి వివరాలు ముట్టుకోకుండా ముందు పేరుని తరలించి, ఓనరు మార్పు కొత్తచోట చేద్దామని అనుకున్నాం.

అంతకన్నా ముందు నేమ్‌సర్వర్ల పని ఉంది. నన్నడిగితే ట్రాన్స్‌ఫర్ బటన్ కంటే ఇదే ముఖ్యం, చాలామంది దీన్ని వదిలేస్తారు. మా సైట్ ఎక్కడ ఉంది, మెయిల్ ఎక్కడికి వెళ్లాలి అనే సమాచారమంతా పాత రిజిస్ట్రార్ ఉచితంగా ఇచ్చిన నేమ్‌సర్వర్లలో ఉంది. డొమైన్ వాళ్లని వదిలి వెళ్లాక ఆ రికార్డుల్ని ఉంచాలా తీసేయాలా అన్నది వాళ్లిష్టం. తీసేస్తే సైట్ తెరుచుకోదు, ఆర్డర్ మెయిళ్లు తిరిగి వెళ్లిపోతాయి. అందుకని ఆ పేజీ మొత్తం స్క్రీన్‌షాట్లు తీసి, ఒక్కో రికార్డూ విడిగా రాసుకున్నాను. సైట్ చిరునామా చెప్పే 'ఏ' (A) రికార్డు, మెయిల్‌కి ఎంఎక్స్, మన మెయిల్ స్పామ్‌లో పడకుండా చూసే ఎస్పీఎఫ్, డీకిమ్ అనే టెక్స్ట్ రికార్డులు. డీకిమ్ చాలా పొడవు, ఒక్క అక్షరం పోయినా పనిచేయదు, కాబట్టి కాపీ చేసి అతికించడమే మేలు. ఇవన్నీ విడిగా, ఇలాంటి రికార్డుల్ని ఉంచే ఒక డీఎన్‌ఎస్ సర్వీసులో పెట్టి, నేమ్‌సర్వర్లు అటు తిప్పాం. పాత చోట డీఎన్‌ఎస్‌సెక్ (ఈ రికార్డులు అసలైనవేనని తేల్చే భద్రతా ఏర్పాటు) ఆన్‌లో ఉంటే నేమ్‌సర్వర్లు తిప్పే ముందే ఆఫ్ చేసి కాస్త ఆగాలి, లేకపోతే పాత తాళంచెవి సరిపోక కొన్ని నెట్‌వర్కుల్లో సైట్ అసలు కనిపించదు. మాది ఆఫ్‌లోనే ఉంది.

డాట్ కామ్‌లో నేమ్‌సర్వర్ మార్పు అన్నిచోట్లా తెలియడానికి 2 రోజుల వరకు పట్టొచ్చు. ఆ రెండు రోజులూ ఇంకేం ముట్టుకోలేదు. వేర్వేరు సిమ్‌లున్న ఫోన్లలో సైట్ తెరిచి చూశాం, బయటి మెయిల్ నుంచి ఆర్డర్ అడ్రసుకి రాసి చూశాం, అక్కడి నుంచి జవాబు పంపి చూశాం. ఇదంతా ఆషాఢంలో పెట్టుకున్నాం. పెళ్లిళ్లుండవు, స్వీటు షాపుల ఆర్డర్లు పలచగా ఉంటాయి. దసరా, దీపావళి సరుకు వెళ్లే రోజుల్లో మెయిల్ జోలికి పోకూడదు.

అన్నీ నిలబడ్డాక అబ్బాయి తాళం తీసి ఆథ్ కోడ్ పంపాడు. దీన్నే ఈపీపీ కోడ్ అని కూడా అంటారు, ట్రాన్స్‌ఫర్‌కి అదే పాస్‌వర్డ్. ప్యానెల్లో కనిపించకపోతే అడిగిన 5 రోజుల్లోపు రిజిస్ట్రార్ ఇచ్చి తీరాలి. కొత్త రిజిస్ట్రార్ దగ్గర అది కొడితే చెల్లదంది. కారణం వెతికితే వాట్సాప్ అని తేలింది. కోడ్‌లో రెండు నక్షత్రం గుర్తులున్నాయి. వాట్సాప్ వాటిని బోల్డ్ అనుకుని మాయం చేసి, మధ్యలో అక్షరాల్ని లావుగా చూపించింది. మెయిల్లో పంపమంటే సరిగ్గా వచ్చింది.

ట్రాన్స్‌ఫర్‌కి ఒక ఏడాది ఫీజు కట్టాలి. అది వృథా ఏం కాదు, ఉన్న గడువుకి ఇంకో ఏడాది కలుస్తుంది, మొత్తం 10 ఏళ్లు దాటనంతవరకు. అయితే ఇప్పుడే పాత చోట ఆటో రెన్యువల్ అయ్యి 45 రోజులు దాటకపోతే ఆ ఏడాది కలవకపోవచ్చు, డబ్బు వెనక్కి కోసం వాళ్ల చుట్టూ తిరగాలి. గడువుకి బాగా ముందే కదలడం నయం. బిల్లు మావయ్య జీఎస్టీ నంబరుతో తీసుకున్నాం.

తర్వాత పాత రిజిస్ట్రార్ నుంచి అబ్బాయికి మెయిల్ వెళ్లింది, డొమైన్ వెళ్లిపోతోంది, ఆపాలా అని. ఏమీ చేయకపోతే 5 రోజులకి దానంతటదే వెళ్తుంది. ఆపేస్తే ఆగుతుంది. ఒప్పుకుంటున్నానని నొక్కే లింక్ వాళ్లు ఇచ్చారు, అతను వెంటనే నొక్కాడు. మేం అనుకున్నదానికంటే ముందే పేరు మా అకౌంట్లోకి వచ్చింది. సైట్ ఒక్క నిమిషం కూడా ఆగలేదు. అబ్బాయికి ఫోన్ చేసి మావయ్య స్వయంగా థాంక్స్ చెప్పారు, పప్పు కూడా పంపారు.

రాగానే తాళం మళ్లీ వేశాం, ఓనరుగా సంస్థ పేరు, మావయ్య ఫోన్, మావయ్య సొంత మెయిల్ పెట్టాం. ఇక్కడ ఆర్డర్ల మెయిల్ పెట్టకూడదు. డొమైన్ ఆగితే ఆ మెయిలూ ఆగుతుంది, హెచ్చరికలు మనకి చేరవు. మెయిల్ సరైనదేనా అని వెరిఫికేషన్ లింక్ వస్తుంది. 15 రోజుల్లో నొక్కకపోతే డొమైన్‌ని సస్పెండ్ చేయొచ్చు. మావయ్య దాన్ని స్పామ్ అనుకుని తీసేయకుండా నేనే పక్కన కూర్చుని నొక్కించాను. రెండంచెల లాగిన్, ఆటో రెన్యువల్ ఆన్ చేశాం.

డాట్ ఇన్ ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. దాన్ని చూసేది నిక్సీ (NIXI) అనే సంస్థ. అక్కడా ఆథ్ కోడ్ ఉంటుంది గానీ, నేను చెప్పిన గడువులన్నీ డాట్ కామ్‌వి. వాటినే పట్టుకుని పోకుండా రిజిస్ట్రార్‌ని అడిగి మొదలుపెట్టండి.

హోస్టింగ్, అంటే సైట్ ఫైళ్లు ఉండే చోటు, మాత్రం ఇంకా పాతదే. దాన్ని సంక్రాంతి సరుకు వెళ్లాక మార్చుదామన్నారు మావయ్య.