వెంటిలేటర్ తీసేశాక నాకొచ్చిన జబ్బు

మా ఆవిడ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయింది. పోయింది ఐసీయూలో, వెంటిలేటర్ మీద. ఆ తర్వాత నాకొచ్చిన జబ్బు గురించి రాస్తున్నాను. అది జబ్బని చాలాకాలం నాకూ తెలీదు, నా చుట్టూ ఉన్నవాళ్లకూ తెలీదు. భార్య పోయిన మనిషి, బాధ ఉండదా అనుకున్నారంతా.

బాధ వేరు, ఇది వేరు. ఎక్కడైనా మెషీన్ బీప్‌మంటే చాలు, గుండె దడదడలాడి చెమటలు పట్టేవి. కళ్లు మూస్తే ఆమె చేతులే కనిపించేవి. గొంతులో గొట్టం లాగేసుకుంటుందేమోనని రెండు మణికట్లూ మంచానికి గుడ్డపట్టీలతో కట్టారు. పట్టీ ఒరుసుకుని కుడిచేతి మీద ఎర్రగా చార పడింది. నన్ను చూసి వేళ్లు కదిపింది. ఏదో చెప్పాలనుకుంది. గొట్టం ఉంటే మాట రాదు. ఏం చెప్పబోయిందో అన్న ఆలోచన పగలూ రాత్రీ నన్ను వదిలేది కాదు. ఇన్నేళ్ల కాపురంలో ఇద్దరం నవ్వుకున్న రోజు ఒక్కటీ గుర్తొచ్చేది కాదు. ఆమెను తలచుకోగానే ఆ మంచం, ఆ పట్టీలు. ఆమె పోవడం ఒక దెబ్బ అయితే, ఆమె జ్ఞాపకాలు కూడా పోవడం నన్ను ఇంకా ఎక్కువ కుంగదీసింది.

ఆ ఆసుపత్రిలో డాక్టర్లు మంచివాళ్లే. కీమో ఎన్ని సైకిల్స్, తెల్లకణాలు ఎంత పడిపోయాయి, అన్నీ ఓపిగ్గా చెప్పారు. మందులు ఇక పనిచేయడం లేదు, ఇప్పుడు మీకేం కావాలి అని మాత్రం ఆమెను ఎవరూ అడగలేదు. ఆయాసం ముదిరిన రాత్రి, వెంటిలేటర్ పెట్టడానికి ఒప్పుకుంటున్నట్టు కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు. ఆ క్షణంలో ఎవరైనా పెడతారు. అంతకు కొన్ని నెలల ముందే జరగాల్సిన మాటలు జరగలేదు, నా కోపమంతా అక్కడే.

చివరికి నన్ను సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లింది మా చెల్లెలు. "అన్నయ్యా, నువ్వు బాధపడుతున్నట్టు లేదు, భయపడుతున్నట్టున్నావు" అంది. డాక్టర్ నాకు రెండు ఉన్నాయన్నారు. ఒకటి పీటీఎస్‌డీ, అంటే భయంకరమైన అనుభవం అయిపోయాక కూడా అది మళ్లీ మళ్లీ కళ్లముందుకొచ్చి వేధించే జబ్బు. రెండోది ప్రొలాంగ్డ్ గ్రీఫ్ డిజార్డర్, అంటే నెలలు గడిచినా తగ్గకుండా మనిషిని పనికి రాకుండా చేసే శోకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో, 2022లో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11లో, దీనికి చోటుంది. కనీసం ఆరు నెలలు దాటాకే ఆ పేరు పెడతారట. నా దిగులుకు ఒక పేరుందని తెలిసిన రోజు ఎంత తేలికపడ్డానో చెప్పలేను.

తర్వాత దొరికినవన్నీ చదివాను. అమెరికాలో క్యాన్సర్ రోగుల్నీ వాళ్లను చూసుకున్న ఆప్తుల్నీ కలిపి 342 జంటల మీద చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. రోగి ఐసీయూలో పోతే, ఆ ఆప్తుల్లో 21 శాతం మందికి పీటీఎస్‌డీ కనిపించింది. ఇంట్లోనే హాస్పిస్ సేవల (చివరి దశలో బాధ తగ్గిస్తూ చూసుకునే సేవల) మధ్య పోయినవాళ్ల ఆప్తుల్లో అది 4.4 శాతమే. ఐసీయూయే కారణమని ఈ లెక్క తేల్చి చెప్పదు. కానీ నాకు నా ఇల్లే కనిపించింది అందులో. అదే బృందం 2008లో చెప్పిన ఇంకో సంగతి అందరికీ తెలియాలి. చివరి దశ గురించి డాక్టర్‌తో మాట్లాడిన రోగుల్లో డిప్రెషన్ ఎక్కువేమీ కాలేదు. చెబితే కుంగిపోతారనే కదా ఇంట్లో అందరం నోరు కట్టేసుకునేది! ఆయాసానికి తక్కువ మోతాదు మార్ఫిన్ ఉపశమనం ఇస్తుందని కూడా అప్పుడే తెలిసింది. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

వైద్యం తేలిగ్గా సాగలేదు. మాత్రలతో నిద్ర పట్టింది, ఆకలి వేసింది, శోకం మాత్రం అలాగే ఉంది. 2016లో వచ్చిన ఒక పరిశోధన కూడా ఇదే చెప్పింది, శోకానికి పనిచేసేది దానికోసమే రూపొందించిన థెరపీ అని. నాది అదే. కళ్లు మూసుకుని ఆ రాత్రిని మొదటినుంచీ చివరిదాకా గట్టిగా చెప్పాలి. దాన్ని రికార్డు చేసి ఇస్తారు, ఇంట్లో రోజూ వినాలి. మొదట్లో వాంతి వచ్చినంత పనయ్యేది. వినగా వినగా అది జరిగిపోయిన సంగతిగా మారింది, ఇప్పుడే జరుగుతున్నట్టు అనిపించడం తగ్గింది. ఒకరోజు థెరపిస్టు, "ఎదురుగా ఆమె ఉందనుకోండి, అడగాల్సింది అడగండి" అన్నారు. అడిగాను. ఆమె తరఫున జవాబూ నేనే చెప్పాలి. "ఏవండీ, తిన్నారా?" అని వచ్చింది నా నోట. అక్కడే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. ఆ తర్వాతే పాత రోజులు ఒక్కొక్కటే తిరిగి రావడం మొదలైంది.

పూర్తిగా బాగయ్యానని అనను. ఆసుపత్రి వాసనకు ఇప్పటికీ కాళ్లు ఆగిపోతాయి. అయినా ఈమధ్య నాతో పనిచేసే ఒకాయన భార్యకు జబ్బు ముదిరిందంటే, వాళ్లతో పాలియేటివ్ కేర్ డాక్టర్ దగ్గరికి, అంటే జబ్బు నయం కాకపోయినా నొప్పి, ఆయాసం లాంటి బాధలు తగ్గించే డాక్టర్ దగ్గరికి, నేనూ వెళ్లాను. డాక్టర్ ముందు ఆమెనే అడిగారు. ఇంట్లోనే ఉండాలని ఉందని, గొట్టాలు వద్దని ఆమె చెప్పింది. ఆయన అది కేస్ షీట్‌లో రాసుకుని, రాత్రిపూట ఆయాసం వస్తే ఏం ఇవ్వాలో, ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాసి ఆమె భర్తకిచ్చారు.