అమ్మమ్మ ఫోటో, ముక్కుపుడక, మూడు సాఫ్ట్‌వేర్లు

మా అమ్మమ్మది ఇంట్లో ఒకే ఒక్క ఫోటో ఉంది, ఎప్పుడో స్టూడియోలో తీయించుకున్న బ్లాక్ అండ్ వైట్, పోస్ట్‌కార్డు సైజు, మధ్యలో మడత పడి చెంప మీదుగా తెల్ల గీత. దాన్ని పెయింటింగ్‌లా చేసి అమ్మకిద్దామని మొదలుపెట్టా. మొదట ఫోటోషాప్‌లో ఆయిల్ పెయింట్ ఫిల్టర్ కొట్టేశా, ఐదు నిమిషాల్లో అయిపోయింది, భలే ఉందనుకున్నా. అమ్మకి చూపిస్తే కాసేపు చూసి "ముక్కుపుడక ఏదే?" అంది.

జూమ్ చేస్తే నిజంగానే లేదు. ఫిల్టర్‌కి కన్నూ, పుడకా, వెనకున్న పరదా అన్నీ ఒకటే కదా, అన్నిటినీ ఒకే తీరున పులుముకుంటూ పోతుంది, నాలుగు పిక్సెల్స్ తెల్లచుక్క ఆ పులుముడులో కొట్టుకుపోయింది. అప్పట్నుంచి ఒక్క టూల్‌తో మొత్తం లాగించడం మానేశా.

ముందు స్కాన్. ఏ3 ప్రింటుకి 300 డీపీఐలో (అంటే అంగుళానికి 300 చుక్కలు) 3508 × 4961 పిక్సెల్స్ కావాలి, అందుకే ఇంత చిన్న ఫోటోని 1200లో స్కాన్ చేశా. మడత గీత గింప్ అనే ఫోటో ఎడిటర్‌లో, మచ్చల్ని చుట్టుపక్కల భాగంతో కప్పేసే హీల్ టూల్‌తో తీసేశా, అది ఓపిక పని, అంతే.

అసలు పని క్రితా అనే పెయింటింగ్ సాఫ్ట్‌వేర్‌లో. ఫ్రీ అని చులకన చేయకండి, అందులో రంగుల్ని పులిమి కలిపే కలర్ స్మడ్జ్ బ్రష్ ఒక్కటి వంటబడితే చాలా పని అయిపోతుంది. దాన్లో రెండు రకాలు ఉంటాయి, స్మియరింగ్, డల్లింగ్. స్మియరింగ్ కింద ఉన్న పిక్సెల్స్‌ని అలాగే లాక్కెళ్తుంది కాబట్టి పాత ఫోటోలో ఉండే సన్నటి చుక్కలు, అదే గ్రెయిన్, అంతా చారలు చారలుగా సాగిపోతుంది, చెంప మీద అది వాడితే గోడకి సున్నం కొట్టినట్టుంటుంది. డల్లింగ్ అయితే బ్రష్ కింద రంగుని తీసుకుని కలుపుతుంది, చర్మానికి అదే వాడా, అది కూడా చెంప గుండ్రానికి తగ్గట్టు తిప్పుతూ, అడ్డంగా లాగకుండా. జుట్టుకి మాత్రం ఆ స్మియరింగే, ఎందుకంటే అక్కడ చారలే కావాలి, పాపిట నుంచి జడ వైపు లాగితే నూనె రాసి దువ్విన జుట్టులా వస్తుంది.

పరదాకి కోరెల్ పెయింటర్ అనే ఇంకో పెయింటింగ్ సాఫ్ట్‌వేర్ ట్రయల్ వేసుకుని క్లోనర్ బ్రష్ వాడా, రంగు ఫోటో నుంచి అదే తీసుకుంటుంది, గీత మనది. ఫోటోలో నలుపు తెలుపే కాబట్టి వెలుగునీడలు మాత్రం వచ్చాయి, చాలు. మొహానికి మాత్రం క్లోనర్ వద్దు, కళ్ళ దగ్గర మెత్తబడిపోతుంది.

రంగులకి విడిగా ఒక లేయర్ (బొమ్మ మీద పరిచే విడి పొర), బ్లెండింగ్ మోడ్ కలర్, అంటే కింది వెలుగునీడలు అలాగే ఉండి రంగు మాత్రమే పడుతుంది. మొహం మొత్తానికి ఒకటే రంగు వేస్తే పసుపు పూసినట్టుంటుంది, అందుకే నీడల్లో కొంచెం ఎర్రమట్టి రంగు, నుదుటి మీద లేత రంగు వేశా. చీరకి కలర్ లేయర్ ఒక్కటే ఉంచేశా, జరీ అంచు ఫోటోలోనే అంత బాగుంటే దాని మీద గీయడానికి చెయ్యి రాలేదు.

చివర్లో ముక్కుపుడక. కొత్త లేయర్, చిన్న గుండ్రటి బ్రష్, ముందు ముదురు చుక్క, దాని మీద పక్కకి జరిపి పాలతెలుపు చుక్క, కింద సన్నటి నీడ. రెండు నిమిషాలు పట్టలేదు.

ప్రింటుకి ఇచ్చే ముందు అమ్మకి చూపించా. ఈసారి స్క్రీన్ దగ్గరగా లాక్కుని చాలాసేపు చూసింది. తర్వాత, ఆ చీర మెరూన్ కాదే, ముదురు ఆకుపచ్చ, నా పెళ్ళికి కూడా అదే కట్టుకుంది అంది. కలర్ లేయర్ విడిగా ఉంది కాబట్టి ఆవిడ పక్కన కూర్చుని చెప్తుంటే అక్కడికక్కడే మార్చేశా.